సూరీడమ్మ కాలి బొబ్బ

విశాఖలోని ఆ అపార్టుమెంటులో అందరూ వీఆర్ కళ్లజోడు తగిలించుకుని, సోఫాలోంచే హిమాలయాలెక్కేసినవాళ్లే. సూరీడమ్మ మాత్రం బియ్యం మూట వీపున కట్టుకుని, ఆరు నెలలపాటు రోజూ పదిహేను అంతస్తులూ మెట్లెక్కింది. లిఫ్టులోంచి చూసి అంతా నవ్వారు. చివరికి, ఆ అపార్టుమెంటులో ఎవరూ పేరైనా వినని, హిమాలయాల్లోని దార్మా లోయలో నిజంగానే మంచు మీద నడిచి, నిన్న తిరిగొచ్చింది.

ఈ రోజు ఆమె గుమ్మం ముందు జనం బారులు తీరారు. మడమ మీద బూటు కరిచి లేచిన బొబ్బని చూడ్డానికి!

"ఓపాలి ముట్టుకోనా పిన్నీ?" పక్కింటావిడ ఆశగా అడిగింది. "నొప్పెడతాదా?"

"నొప్పెట్టదేటి మరి? నడిసిన కాలిది!"

ఇంతలో కోడలు కుసుమ మందు తెచ్చింది. సూరీడమ్మ చటుక్కున కాలు వెనక్కి లాక్కుంది.

"ఆగవే! కింద అంతస్తోళ్లు ఇంకా సూడనేదు."