నీలం బకెట్

ఆ మనిషి మళ్ళీ వచ్చాడు.

పెరటి గోడ మీంచి లోపలికి తొంగి చూస్తున్నాడు. నిన్న కూడా ఈ వీధిలో ప్రతి గోడ దగ్గరా ఇలాగే ఆగాడు.

ఆమె కిటికీ చాటుకు జరిగింది. ఇంట్లో తనూ, నాలుగేళ్ళ పాపా తప్ప ఎవరూ లేరు.

వీధి తలుపు గడియ వేసి పక్కింటాయనకు ఫోన్ చేసింది.

“బాబాయ్, వాడు మళ్ళీ వచ్చాడు.”

“కంగారుపడకమ్మా, వస్తున్నా.”

అంతలో పెరట్లోంచి పాప ఏడుపు. భయంలో పెరటి తలుపు సంగతే మరిచిపోయింది.

పరుగెత్తింది. అతను గోడ దూకేశాడు. ఒక చేత్తో పాపను వెనక్కి లాగి, రెండో చేత్తో నీలం బకెట్‌ను నేలమీద బోర్లించి అదిమిపట్టాడు.

ఆమె అరుపుకు వీధంతా వచ్చిపడింది. బాబాయి అతని కాలర్ పట్టుకున్నాడు.

“బకెట్ ఎత్తకండి. కింద పాముంది,” అన్నాడతను.

“దానికి విషం లేదు. నాకు తెలుసు,” అంది ఆమె, పాపను గుండెకు హత్తుకుని.

తెలియకేం? ఊళ్ళో పురుగూ పుట్రా లెక్కతీసే సర్వే యాప్‌కి జనం పంపే ఫోటోల్లో ఆమెవీ ఉంటాయి. మొన్న పెరట్లో కనిపించిన ఆ పామునూ ఫోటో తీసి పంపింది. విషం లేనిదని తనే రాసింది. అందరూ అవునన్నారు. ‘తాబేలు’ అని పేరు పెట్టుకున్న ఒకాయన మాత్రం కాదంటూ ఏదో రాశాడు. అంతకుముందు సీతాకోకచిలుక దగ్గరా పేచీ పెట్టిన మనిషే. మిగతాది చదవకుండానే బ్లాక్ చేసింది.

“కాదమ్మా, అది...”

బాబాయి చెంప ఛెళ్ళుమనిపించాడు. గేటుకు కట్టేశారు. నోరు తెరిస్తే దెబ్బ.

పోలీసులు వచ్చేసరికి అతని రెప్పలు వాలిపోతున్నాయి. ఏదో చెప్పబోయాడు కానీ మాట ముద్దగా వచ్చింది.

“పీకలదాకా తాగున్నాడు సార్,” అన్నాడు బాబాయి.

జీపు వెళ్ళిపోయింది. జనం సర్దుకున్నారు. ఆమె పెరటి తలుపు వేయబోయింది.

బకెట్ కింద ఏదో కదిలిన చప్పుడైంది.

ఇంతమంది అవునన్నదాన్ని ఆ తాబేలు ఒక్కడే ఎందుకు కాదన్నాడు?

బ్లాక్ తీసేసింది. ఫోటో కింద అతను రాసినవన్నీ బయటపడ్డాయి. చివరిది చదివింది.

“అమ్మా, అది కట్లపాము. కరిచినా నొప్పి తెలీదు, రెప్పలు వాలి, మాట ముద్దయి, తాగినట్టు ఉంటారు. ఫోటోలో చిన్న చెప్పులు కనిపిస్తున్నాయి, మీరేమో పలకడం లేదు, యాప్ పేట తప్ప ఇల్లు చూపించదు, అందుకే ఆ నీలం బకెట్ ఉన్న పెరడు వెతుక్కుంటూ నేనే వస్తున్నాను.”