తేడా

"సిగ్గుపడకుండా చెప్పమ్మా. మీ ఇద్దరి మధ్యా కాపురం సరిగ్గా ఉందా?" డాక్టరమ్మ గొంతు తగ్గించి అడిగింది.

అద్దం అవతల బస్సు డ్రైవరు నోట్లో గొట్టంతో పడి ఉన్నాడు. అతని భార్య చీర చెంగు నలిపింది.

"రెండేళ్ల కిందటే మా ఆయన పడక హాల్లోకి మార్చేశాడు. అడిగితే అలసట అనేవాడు."

"అలసట కాదు, ఆయనకి చేతకాలేదు. అక్కడి రక్తనాళాలు సన్నం. చాలామందికి ముందు అవే పూడుకుంటాయి. గుండె పంపే మొదటి కబురమ్మా అది. అప్పుడే వచ్చుంటే ఏదో ఒకటి చేసేవాళ్లం. ఇప్పుడు మా చేతుల్లో ఏమీ లేదు."

ఆమె గోడకి చేరగిలబడింది. ఈ రెండేళ్లూ ఎడమొహం పెడమొహంగానే నెట్టుకొచ్చింది. ఉతికే ముందు ప్రతి ఖాకీ చొక్కానూ వాసన చూసింది. డీజిల్ కంపు తప్ప ఏదీ తగల్లేదు.

"మీతో ఒక్క మాటైనా అనలేదా?"

"అన్నాడు. ఓ పొద్దున క్యారియర్ అందుకుంటూ, నా మొహంలోకి చూడలేక నేల చూస్తూ, 'నాలో ఏదో తేడా వచ్చిందే' అన్నాడు."

"మీరేమన్నారు?"

"'ఎవతది?' అన్నాను."