డాబా మీద చుక్క

సాయిశ్రీ పొద్దున్నే టెలిస్కోపు తుడిచి డాబా మీద పెట్టేసింది. అది చూసి అమ్మమ్మ బుల్లెమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది.

"పెళ్లిచూపుల పూట ఆ గొట్టం ఎందుకే? నీ చుక్కల గోలకి ఇప్పటికే రెండు సంబంధాలు మెట్లు దిగి వెళ్లిపోయాయి. ఇదీ పోయిందా, ఇక ఈ ఇంట్లో పెళ్లి మాట నేనెత్తను."

ఈ పెళ్లి జరగాలని సాయిశ్రీకి ఎంతుందో తనకే తెలుసు. అలాగని ఎవరికి పడితే వాళ్లకి సరే అనడం కూడా తన వల్ల కాదు.

మొదటాయన డాబా ఎక్కి, సాయిశ్రీ చూపించిన నక్షత్రం ఏ రాశిలోది, దానివల్ల దోషమేమైనా ఉందా అని అడిగాడు. రెండో ఆయన టెలిస్కోపు పక్కన నిలబడి సెల్ఫీ తీసుకున్నాడు గానీ అందులోకి తొంగి చూస్తే ఒట్టు. ఇద్దర్నీ కాఫీతో సరిపెట్టి పంపించేసింది.

సాయంత్రం లక్ష్మీకాంత్ వచ్చాడు. కంకిపాడులో విత్తనాల కొట్టు. వెంట వాళ్లక్క. భవానీపురమంతా తిరిగితే గానీ ఇల్లు దొరకలేదని ఆవిడ చెబుతుంటే, ఆయన గోడ మీద దండ వేసున్న సాయిశ్రీ నాన్న ఫొటోకి దణ్ణం పెట్టి, చెమట తుడుచుకుంటూ కూర్చున్నాడు. బుల్లెమ్మ జంతికలూ మైసూర్‌పాకూ పెట్టింది. ఎంత బతిమాలినా పట్టుచీర బీరువా దాటి బయటికి రాలేదని ఆవిడ మొహం మాడ్చుకునే ఉంది. అమ్మయితే వంటింట్లోంచి కదల్లేదు. ఆవిడకి ఈ చూపుల తతంగమే గిట్టదు.

జంతికలు అయిపోయాయి. ఎండల గురించి మాట్లాడ్డమూ అయిపోయింది.

"డాబా మీదికి వెళ్దామాండీ? కాస్త మాట్లాడాలి" అంది సాయిశ్రీ.

పెళ్లిచూపులన్నాక డాబా ఎక్కడం మామూలే కదా. లక్ష్మీకాంత్ వాళ్లక్క నవ్వి తలూపింది. బుల్లెమ్మ మాత్రం మనవరాలి వంక కొరకొరా చూసింది.

పైకెళ్లేసరికి చీకటి పడింది. అదృష్టం బాగుండి కరెంటు కూడా పోయింది. దక్షిణాన కృష్ణ మీద ఆకాశం నల్లగా ఉంది. లక్ష్మీకాంత్ జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని వంగాడు.

"ఏం కనిపిస్తోందండీ?"

"నిజం చెప్పేస్తున్నానండీ. నారింజరంగు బూజులా ఉంది."

సాయిశ్రీకి నవ్వొచ్చింది. అబద్ధమాడని మనిషి ఒకడు దొరికాడు.

"బూజే అనుకోండి. ఆ నక్షత్రం మహా బరువు, నిలకడ తక్కువ. మన ముత్తాతల ముత్తాతల రోజుల్లో ఒక్కసారిగా భగ్గుమంది. పదిమంది సూర్యుల్ని చేయగలిగేంత వాయువూ ధూళీ బయటికి విసిరేసింది. ఆ తర్వాత కొన్నాళ్లకి కంటికే ఆనలేదు. దాని పని అయిపోయిందనుకున్నారంతా."

"అయిపోలేదాండీ?"

"లేదండీ. తను విసిరిన దుమ్మే తనని కమ్మేసింది. లోపల వెలుగుతూనే ఉంది."

లక్ష్మీకాంత్ మళ్లీ వంగాడు. ఈసారి చాలాసేపు చూశాడు. కరెంటు వచ్చి వీధంతా వెలిగినా కన్ను తియ్యలేదు.

"ఆ దుమ్ము ఎప్పటికి వదులుతుందండీ?"

"మెల్లగా దూరం జరుగుతోంది. చాలా కాలం పడుతుంది."

"పట్టనివ్వండి. తొందరేముంది" అన్నాడాయన, కళ్లద్దాలు తుడుచుకుంటూ. "అప్పుడప్పుడూ వచ్చి చూస్తుంటే ఏమీ అనుకోరు కదా?"

సాయిశ్రీకి కళ్లు చెమర్చాయి. ఇంతమందిని డాబా ఎక్కించింది ఈ ఒక్క మాట వినడానికే కాబోలు. సంతోషం పట్టలేక గబగబా పిట్టగోడ దగ్గరికి వెళ్లి, వంటింటి కిటికీ వైపు వంగింది.

"అమ్మా, నాకైతే ఈయన నచ్చారు, ఇక పెళ్లికూతురివి నువ్వొచ్చి మాట్లాడుకో."