ఇంజన్ ముందు గంతులు

గూడ్సు ఇంజన్ తన కూతుర్ని ఎక్కడ కాల్చి చంపుతుందోనన్నదే కనకలత భయం. బొగ్గు దొంగల కోసం డ్రైవర్లు లేని ఇంజన్లకు తుపాకులు బిగించాక, పట్టాల పక్కన కదలకుండా నిలబడ్డవాళ్ళను అవి మాటేసిన దొంగలనుకుని కాల్చేస్తున్నాయి. అందుకే రైళ్ళ ఫొటోలు తీసేవాళ్ళంతా గంతులేస్తూనే తీస్తారు.

"నువ్వూ ఎగురమ్మా! కోడిపెట్టలా అలా ముడుచుకుంటావేంటి?" అంది ఇంజన్ల ఫొటోలంటే పడిచచ్చే ఎనిమిదేళ్ళ జోషిత, పట్టాల పక్కన గంతులేస్తూ కెమెరా ఎత్తి.

"ఎగురుతున్నానే తల్లీ, ముందు నీ ఫొటో కానీ!"

ఇంజన్ మలుపు తిరిగి మీదికొచ్చింది. ఆ హోరుకు కనకలత పిల్లను లాక్కుని, వాటేసుకుని, అలాగే బిగుసుకుపోయింది.

"అమ్మా, కదులు!"

తుపాకీ పేలింది. కనకలత భుజం చీలి, నెత్తురు పిల్ల ముఖమంతా చిమ్మింది.

ఆమె ఇంకా ఆస్పత్రిలోనే ఉంది. రైల్వే గేటు పక్క రేకుల ఇంట్లో జోషిత ఒక్కతే తలుపేసుకుని కూర్చుంది. అటు వెళ్తే కాస్త తలుపు తట్టి, పిల్ల అన్నం తిందో లేదో చూడండి.