అక్క కోసిన తలుపు

ఎగిరే బళ్ళ లీగులో పోరు జోరుగా సాగుతుండగా, అవతలి బండి గుద్దిన దెబ్బకు తమ్ముడి బండి మైదానంలో కూలి అంటుకుంది. ఆ బండికి మెకానిక్ అక్కే. కట్టర్ పట్టుకుని పరుగెత్తింది.

"తెరవకక్కా! నీకు దణ్ణం పెడతా!" లోపల్నుంచి అరిచాడు తమ్ముడు.

"మొనగాడంటే వీడేరా!" అని జనం ఈలలు వేశారు.

అక్క పళ్ళు బిగించి తలుపు కోసి, అతణ్ణి బయటికి లాగింది. తమ్ముడు నేలమీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. ఓడినందుకే అనుకున్నారందరూ.

మైకు మోగింది. "డ్రైవరు పోరు ముగియకముందే ప్రాణాలతో దిగిపోయాడు. లీగు రూలు ప్రకారం వచ్చే పోరు నుంచి ఆ బండిని మెకానిక్కే నడపాలి."

అక్క అతని ముఖం మీది మసి తుడిచింది.

"ఏం చెయ్యమంటావురా? నువ్వు కాలిపోతుంటే చూస్తూ నిలబడనా?"

"ఇక నేను చూస్తూ నిలబడాలిగా," అన్నాడు తమ్ముడు.