మూతపడని నల్ల పెట్టె

తలుపు తీసేసరికి ఎదురింటి టీచరమ్మ తెల్లపూల గుత్తితో గుమ్మంలో నిలబడి ఉంది. "ధైర్యం తెచ్చుకో వదినా!" అంటూ వాటేసుకుని భోరుమంది.

గడియారాల మేస్త్రి భార్యకు ఏమీ పాలుపోలేదు. దేనికి ధైర్యమని అడిగేలోపే ఇంకో నలుగురు మెట్లెక్కి వచ్చారు. అందరి చేతుల్లోనూ పూలే.

"ఎంత మంచి మనిషి! నిన్ననే నా వాచీ బాగుచేసిచ్చాడు," అన్నాడు పైఅంతస్తు డ్రైవరు, కళ్లు తుడుచుకుంటూ.

"ఎవరు?" అందామె.

"ఇంకెవరు వదినా, మా అన్నయ్యే!"

ఇప్పుడే కదా స్నానానికి వెళ్లాడు! ఆమె ఒక్క పరుగున వెళ్లి స్నానాల గది తలుపు దబదబా బాదింది. "ఏమండీ! ఏమండీ!"

"ఏం కొంప మునిగిందే? ఒంటిమీద సబ్బైనా కడుక్కోనివ్వవా?" లోపల్నుంచి కేక.

టీచరమ్మ ఏడుపు వెక్కిళ్ల దగ్గర ఆగిపోయింది. మేస్త్రి తల తుడుచుకుంటూ బయటికి వచ్చి, పూలనీ మనుషుల్నీ మార్చి మార్చి చూశాడు. "ఎవరిదైనా పెళ్లా?"

డ్రైవరు ఫోను చూపించాడు. అపార్ట్‌మెంటు వాళ్లంతా కబుర్లు రాసుకునే వికీ పేజీ అది. చావు కబురు పెట్టే నల్ల పెట్టెలో మేస్త్రి ఫొటో. దాని కింద "ఇక సెలవు. ఇన్నేళ్లూ ఆదరించిన మీ అందరికీ కృతజ్ఞతలు."

"ఓరి నాయనో! కొట్టు మూసేస్తున్నానని నేను రాసిందే ఇది!"

"మరి నల్ల పెట్టెలో ఎందుకు పెట్టావు అన్నయ్యా?"

"నేనెందుకు పెడతాను?"

"ఫొటో చూడగానే కాళ్లూ చేతులూ ఆడలేదు. ఇంకేం చదువుతాం?" అంది టీచరమ్మ. డ్రైవరు ఫోనును ఇంకాస్త కిందికి జరిపాడు. "ఇదిగో, వాటర్ ట్యాంకు కడుగుతారన్న కబురు కూడా నల్ల పెట్టెలోనే ఉంది. ట్యాంకు కూడా పోయిందా ఏంటి?"

మేస్త్రి కూతురు లాప్‌టాప్ తెరిచి పేజీ వెనకాల రాసిన గుర్తుల్ని వెతికింది.

"ఇదిగో, దొరికింది. పెట్టె మొదలవ్వాలంటే రెండు బ్రాకెట్లు, మూతపడాలంటే రెండు బ్రాకెట్లు. ఎవరో మూసే బ్రాకెట్ల ముందు ఏటవాలు గీత పెట్టారు. ఆ గీత ఉంటే కంప్యూటరు వాటిని మూత అనుకోదు, ఉత్త అక్షరాలనుకుంటుంది. అందుకే కింద రాసినవన్నీ పెట్టెలోకి వచ్చేశాయి."

"అంటే తలుపేసి గడియ పెట్టలేదన్నమాట," అన్నాడు డ్రైవరు.

"తలుపే వేయలేదు బాబాయ్. గోడ మీద తలుపు బొమ్మ గీశారు."

"అసలు ఆ గీత ఎందుకు పెట్టడం?" తల్లి అడిగింది.

"పెట్టె ఎలా రాయాలో నేర్పే నమూనా పేజీలో, బ్రాకెట్లు బ్రాకెట్లుగానే కనబడాలని అలా పెడతారమ్మా. పాపం, చేతకానివాళ్లెవరో గీతతో సహా దింపేశారు." ఆ అమ్మాయి గీత చెరిపేసింది. మేస్త్రి ఫొటో చుట్టూ తెల్లబడింది.

"అమ్మయ్య, బతికించావు తల్లీ!" అన్నాడు మేస్త్రి. ఇల్లంతా ఒక్కసారిగా నవ్వులతో గొల్లుమంది. టీచరమ్మ అయితే పొట్ట పట్టుకుని నవ్వింది.

"నాన్నా, అసలు ఈ పెట్టె..." కూతురు ఏదో చెప్పబోయింది. కాలింగ్ బెల్ మోగింది.

"ఇంకెవరో పూలు తెచ్చినట్టున్నారు!" అంటూ మేస్త్రి నవ్వుతూ తలుపు తీశాడు. కింది అంతస్తులో ఉండే దర్జీ భార్య నిలబడి ఉంది.

"రా చెల్లెమ్మా, రా! నేను బతికే ఉన్నా!"

ఆమె అందరి చేతుల్లోని పూలనీ, నవ్వుతున్న మొహాలనీ అయోమయంగా చూసింది.

"తెల్లారకముందే మా ఆయన పోయారన్నయ్యా. నల్ల పెట్టె పెట్టి పేజీలో రాశాను... నాకు రాయడం సరిగ్గా రాలేదేమో, ఒక్కరూ రాలేదు."