గంగక్క మొగుడి పేరు

“మీ ఆయన పేరు చెప్పక్కా, దిద్దుతాను,” అంది కౌంటర్లో కలైసెల్వి.

గంగక్క వాకిలి వైపు చూసింది. ఆ మనిషి పట్టా తీసుకుని జెరాక్సుకని పోయాడు. పొద్దుటి నుంచీ ఒకచోట నిలిస్తే కదా! వేప్పనపల్లి బస్సు వెళ్ళిపోతుందని, “బిన్నా కానీ, బిన్నా కానీ” అని తొందరపెడుతూ గంగక్క ప్రాణం తోడేశాడు. తీరా పనిపడ్డప్పుడు కంటికి కనబడకుండా అయిపు లేడు.

రేషన్ కార్డులో పేరొకటి, పట్టాలో పేరొకటి ఉందని బోరుకు కరెంటు ఇవ్వలేదు. మామిడి మొక్కలు ఎండిపోతున్నాయి. కృష్ణగిరి ఆఫీసులో పేర్లు దిద్దడానికి ఇవాళే ఆఖరు.

“కార్డులో ‘పైరప్ప’ అనుంది. మా తమిళంలో మీ అక్షరాలన్నీ ఉండవక్కా. ఇప్పుడు అక్షరం పైన గుర్తు పెట్టి పలుకు తేడా చూపొచ్చన్నారు. సరైన పేరు చెప్తేనే కదా పెట్టేది?”

“మా త్రివేణి వాళ్ల నాయన, మేడం.”

“అది పేరా?”

“దేవుని పేరే! పక్కన కుక్కను పెట్టుకోనుంటాడే, ఆ సామి.”

వెనక వరుసలో ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. ఒకామె ఏదో చెప్పబోయింది.

“మీరుండండి. ఇంటామె చెప్తేనే రాస్తాను,” అంది కలైసెల్వి.

గంగక్క కొంగు వేలికి చుట్టుకుంది. మొగుడి పేరు పలకడమా? పెండ్లయినప్పటి నుంచీ నోట రానిది, ఇంతమందిలోనా? సిగ్గుతో చచ్చిపోదూ!

“ఆయన జెరాక్సుకు పోయినాడు మేడం, వచ్చేస్తాడు.”

“నేను మూసేయాలక్కా. పోనీ, ఇదే ఉండనీ. పైరప్ప. అంతేనా? పైరప్ప!”

గంగక్కకు ఎక్కడ లేని కోపం వచ్చింది.

“పైరప్ప కాదు మేడం! బైరప్ప! మా బైరప్ప!”

గంగక్క కొంగుతో నోరు మూసుకుంది. వాకిట్లో జెరాక్సు కాగితాలతో బైరప్ప అలాగే నిలబడిపోయి ఉన్నాడు. బయట బస్సు హారన్ కొడుతోంది.

“గుర్తు పెట్టేస్తున్నా. బిన్నా పొండన్నా, బస్సు కదిలేట్టుంది,” అంది కలైసెల్వి నవ్వుతూ.

“పోతే పోనీ మేడం,” అన్నాడు బైరప్ప, గంగక్కనే చూస్తూ. “ఇంగొకతూరి తప్పుగా చదవండి.”